చివరి పదకొండు నిమిషాలు

మల్టీప్లెక్సు వాళ్ళు మాకిచ్చింది
మంగళవారం పొద్దున పదకొండు గంటల ఆట.
ఆ వేళకి హులియాకాలో అంగడి వదిలి
ఎవడొస్తాడు సినిమాకి?
నలుగురొచ్చారు. అందులో ఇద్దరు
చలికి తలదాచుకోడానికి.
వారం ఆడిస్తామన్న మాట
బుధవారానికే వట్టిపోయింది.

రాజధానిలో పోటీల వాళ్ళు ఉత్తరం రాశారు:
"హృద్యంగా ఉంది, కానీ."
కానీ తర్వాత రెండు పేరాలున్నాయి.
యెనీ చోకెవాంకా వాటిని చదవలేదు.
పిండి బస్తాలు విప్పి, ఉతికి, మంచులో ఆరేసి
తెర కుట్టుకుంది.
దగ్గరికెళ్ళి చూస్తే ఇప్పటికీ
ముసలమ్మ చెంప మీద
మిల్లు పేరు కనిపిస్తుంది.

వ్యాను నాది, జనరేటరు నాది,
టిక్కెట్లు చింపేదీ నేనే.
అసాంగరో, పుతీనా, మాకుసానీ.
"మన కెచువాలో సినిమా! మన కొండల్లో తీసిన సినిమా!"
మైకులో అరిచి అరిచి
నా గొంతు పాత జీను తోలయిపోయింది.

టిక్కెట్టు మూడు సోళ్ళు.
లేనివాళ్ళు ఎండు బంగాళాదుంపలిచ్చారు.
ఒకావిడ ఉన్ని ఉండ ఇచ్చి
చిల్లర అడిగింది.
లెక్కల పుస్తకంలో యెనీ
అన్నీ రాసింది, ఉన్ని ఉండ తూకంతో సహా.
అప్పులకి మాత్రం వేరే పుస్తకం.

మాకుసానీ ఎక్కుడులో గేరుబాక్సు చచ్చింది.
సామాను కోసం అరెకీపాకి
రాత్రి బస్సెక్కాం.

కండక్టరు డిస్కు పెట్టాడు.
మొదటి దృశ్యం: చెరువు, కుక్క,
నేను పట్టుకున్న అద్దం మెరుపు.
మన సినిమాయే!
అట్ట అడిగి తీసుకుని చూస్తే
దాని మీద ఎవడో తుపాకీ పట్టుకున్నవాడు,
పేరులో రెండక్షరాలు తప్పు,
యెనీ పేరు అసలు లేదు.
వెల రెండు సోళ్ళు.
మాకంటే ఒకటి తక్కువ.

నేను లేవబోయాను.
ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.
తెర కేసి చూడటం లేదు,
మనుషుల కేసి చూస్తోంది.
నలభై రెండు మంది. నేను లెక్కపెట్టాను.
జొన్నపొత్తు కొరుకుతూ పోలీసు,
పాలు తాగడం మానేసిన పసివాడు,
బూట్లు విప్పి, మళ్ళీ తొడుక్కోవడం మరిచిన ముసలాయన.
"అక్కడ నవ్వుతారని నాకు తెలీదు"
అంది, తనలో తానే.

అప్పుడు ఆగిపోయింది.
ముసలమ్మ చెయ్యి తలుపు గడియ మీద ఉండగా
బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయింది.
కండక్టరు డిస్కుని స్వెట్టరుకి తుడిచాడు,
ఊదాడు, తిట్టాడు.
ఇంకా పదకొండు నిమిషాల కథ ఉంది.
"తీస్తుందా, తియ్యదా?" అని
వెనక సీట్లోంచి ఎవరో
మమ్మల్నే అడిగినట్టు అడిగారు.

యెనీ లేచి నిలబడింది.
మలుపుల్లో పడిపోకుండా ఒక చేత్తో కడ్డీ పట్టుకుని
రెండో చేత్తో గడియ తీసింది.
తీసింది నాదేనని చెప్పలేదు,
ఎక్కడో చూసిన దానిలా చెప్పింది,
పొయ్యి దగ్గర చెప్పుకునే కెచువాలో.

మా సినిమాలో ముసలమ్మ తలుపు తియ్యదు.
ఆ తియ్యకపోవడాన్ని మూడు రోజులు తీశాం,
నా రెండు వేళ్ళు మంచుకి మొద్దుబారాయి.
బస్సులో మాత్రం తలుపు తెరుచుకుంది.
బయట నిలబడ్డవాడు లోపలికొచ్చి
బూట్లు దులుపుకున్నాడు,
ఆకలేస్తోందన్నాడు.
ఆ ముసలమ్మ ఏమీ అడక్కుండా
గిన్నె కడిగింది.

చప్పట్లు లేవు.
పోలీసు ముక్కు చీదుకున్నాడు.
ఎడిటింగు గదిలో నూటయాభై సార్లు చూసిన నేను
కిటికీ వైపు తిరిగి కూచున్నాను.

తెల్లారి అరెకీపా బస్టాండు బయట
డిస్కులమ్మే కుర్రాణ్ణి వెతికి పట్టుకుంది.
వాడు పారిపోబోయాడు.
"ఉండరా, నీ దానికి చివర లేదు" అని
సంచిలోంచి అసలు కాపీ తీసి ఇచ్చింది.
"ఇది అచ్చెయ్యి. నీ లాభం నీది.
అట్ట మీద నా ఫోను నంబరెయ్యి,
ఊళ్ళో ఆట కావాలంటే పిలుస్తారు."
వాడు నమ్మలేదు. తిప్పి తిప్పి చూశాడు.
తుపాకీవాడి బొమ్మ ఉంచొచ్చా అన్నాడు.
ఉంచుకోమంది.

ఏ చివర ఉంది అందులో అని
అడుగుదామనుకున్నాను.
అప్పటికే ఆమె వీధి అవతల
గేరుబాక్సు దగ్గర గొంతుక్కూచుని
పళ్ళచక్రం అరిగిందని
బేరమాడుతోంది.